పాత బుగ్గలు, కొత్త బుగ్గలు

మా ఇంటి హాల్లో ఒక మూల ఎండాకాలం ఎవరమూ కూర్చోము. అక్కడ మా ఆయన ఆంప్లిఫయరు ఉంది. వెనకటి రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో పనిచేసే రకం. స్విచ్చి వేయగానే పాడదు. గొట్టాల్లో సన్నటి తీగ ఎర్రబడాలి, వేడెక్కాలి, అప్పుడుగాని గొంతు విప్పదు. ఫోను నొక్కితే పాట వచ్చే రోజుల్లో ఒక పెట్టెకు ఇంత మర్యాద చేయడం ఎందుకని నేను చాలాసార్లు అడిగాను. ఆయన అడిగిన ప్రతిసారీ ఓపిగ్గా సమాధానం చెప్పాడు. నేను ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు.

ఆ గొట్టాలను ఆయన ట్యూబులు అంటాడు. మైలార్‌దేవ్‌పల్లిలో ఆంప్లిఫయర్లు కట్టి ఇచ్చే ఆయన స్నేహితుడు వాల్వులు అంటాడు. మా అమ్మ బుగ్గలు అంటుంది. మా వైపు కరెంటు బల్బును బుగ్గ అంటాం. మాది శంషాబాద్ పక్కన వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆయనది కృష్ణా జిల్లా. అక్కడ బుగ్గ అంటే చెంప. పెళ్ళైన కొత్తలో మా అమ్మ "అల్లుడా, బుగ్గ మాడిపోయింది, జర చూడు" అంటే ఈయన తన చెంప తడుముకున్నాడని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. తడుముకోలేదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

ఆయన దగ్గర రెండు రకాల ట్యూబులున్నాయి. పాతవి ఇంగ్లండులోనో హాలండులోనో ఎప్పుడో తయారైనవి. ఆ కార్ఖానాలు మూతపడి చాలా కాలమైంది. మూలపడేసిన ప్రయోగశాల పరికరాల్లోంచి, పాత సామాన్ల బజార్లలోంచి ఒక్కొక్కటీ ఏరుకొచ్చాడు. కొత్తవి ఇప్పటికీ రష్యాలోను, చైనాలోను తయారవుతున్నవి. చూడ్డానికి రెండూ ఒక్కలాగే, బొటనవేలంత ఉంటాయి. గాజు మీద అచ్చువేసిన పేరును బట్టి ఏది ఏదో తెలుస్తుంది. పాతవాటి మీద ఆ అచ్చు ఎంత పలచబడి ఉంటుందంటే, వేలితో గట్టిగా రుద్దితే లేచి వచ్చేస్తుంది. అందుకని ఆయన వాటిని పసిపిల్లల్ని పట్టుకున్నట్టు అడుగున పట్టుకుంటాడు. నన్ను దుమ్ము దులపనిచ్చేవాడు గానీ, గుడ్డ తగలనిచ్చేవాడు కాదు.

పాత ట్యూబులో గొంతు గుండ్రంగా వస్తుందని, కొత్తదాంట్లో అంచులు కోసుకుంటాయని ఆయన సిద్ధాంతం. పాతది కాగిన పాలు, కొత్తది పాలపొడి అనేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు స్నేహితుడు వచ్చేవాడు. ఇద్దరూ రెండూ మార్చి మార్చి పెట్టుకుని వినేవారు. మా ఇంటి మీదుగానే విమానాలు దిగుతాయి కాబట్టి ఒకటి వెళ్ళి ఇంకొకటి వచ్చేలోపల వినడం, విమానం వచ్చినప్పుడు వాదించుకోవడం.

"పాతదైనా కొత్తదైనా లోపల ఉండేది గాలి గుంజేసిన ఖాళీనే గదనే. ఖాళీల పాతేంది, కొత్తేంది అన్నా?" అనేవాడు స్నేహితుడు.

"నీకు చెవులున్నాయి గానీ వినికిడి లేదయ్యా," అనేవాడు మా ఆయన.

ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఒక గర్వం ఉండేది. తన చెవుల మీద ఆయనకు అంత నమ్మకం. నేను జల్‌పల్లిలో తెలుగు చెప్పే పంతులమ్మను. వ్యాకరణం గురించి నాకు కూడా అలాంటి గర్వమే ఉంది కాబట్టి దాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు.

ఆయన ఉద్యోగం ఎయిర్‌పోర్టులో, విమానాలు వచ్చి ఆగే చోట. వచ్చిన విమానాన్ని దాని జాగాలో ఆపించడం, చక్రాలకు అడ్డం దిమ్మలు పెట్టించడం, సామాన్లు దించే బండ్లను పిలవడం, మళ్ళీ బయల్దేరేటప్పుడు వెనక్కి నెట్టించడం. బేగంపేటలో ఎయిర్‌పోర్టు ఉన్నప్పటినుంచీ అదే పని. చెవులకు కప్పులు పెట్టుకోవాలని రూలు. వయసులో ఉన్నప్పుడు ఆయన పెట్టుకోలేదు. అప్పట్లో పెట్టుకున్నవాణ్ణి తక్కినవాళ్ళు ఏడిపించేవారట. ఇంజన్ చప్పుడు విని అది ఏ రకం విమానమో చెప్పేవాణ్ణని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అక్కడ పనిచేసేవాళ్ళకు కంపెనీ చెవుల పరీక్ష చేయిస్తుంది. పోయినసారి డాక్టరు "కొద్దిగా తగ్గింది, వచ్చేసారి చూసి చెబుదాం" అన్నాడు. వచ్చేసారి కూడా తగ్గితే విమానాల దగ్గర నిలబడనివ్వరు. లోపల కుర్చీలో కూర్చోబెట్టి కాగితాల పని ఇస్తారు. జీతం పోదు. కానీ మా ఆయనకు విమానం కింద నిలబడి చేతులూపడం తప్ప ఇంకో పని రాదు, వేరే పని మీద ఇష్టమూ లేదు. యూనిఫాం ఇస్త్రీ చేసుకునేటప్పుడు ఆయన ముఖం చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

నా భయం వేరు. అక్కడ వెనకనుంచి ఎప్పుడూ ఏదో ఒక బండి వస్తూ ఉంటుంది. హారన్ కొడుతుంది, ఎవరో అరుస్తారు. అది చెవిన పడకపోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఈ మాట నేను ఆయనతో ఒకసారి అన్నాను. "నాకు వినపడుతుంది," అన్నాడు. ఇంకోసారి అంటే విసుక్కున్నాడు.

దసరాకు ముందు, పరీక్ష దగ్గర పడుతోందనగా, ఆయన తన చెవుల్ని తానే పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. దానికి ఆయన పెట్టుకున్న కొలబద్ద ఈ ట్యూబులే. పాతదానికీ కొత్తదానికీ ఉండే తేడా చాలా సన్నటిది, ఆ తేడా పట్టగలిగిన చెవికి డాక్టరు పెట్టే చప్పుళ్ళు ఒక లెక్కా అని ఆయన తర్కం. పాత ట్యూబు పెట్టుకుని వినేవాడు. "ఆహా," అనేవాడు. కొత్తది పెట్టుకునేవాడు. "చూశావా, కోసుకుంటోంది," అనేవాడు. తేడా పట్టేశానని తృప్తిగా భోజనానికి లేచేవాడు.

నేను వంటింట్లోంచి గమనించిన సంగతి ఒకటుంది. ట్యూబు పెట్టేముందు ఆయన కళ్ళజోడు పెట్టుకుని దానిమీద అచ్చు చదివేవాడు. చదివాక వినేవాడు. మా బడిలో పిల్లలు కూడా జవాబు చూసి లెక్క చేస్తారు. కానీ ఆ మాట నేను ఆయనతో అనలేదు. అప్పటికి మా మధ్య మాటలు అంత బాగా లేవు.

దానికి కారణం "ఏంటి?" అన్న ఒక్క ముక్క. నేను బడిలో పుస్తకాల తెలుగు మాట్లాడతాను. ఇంటికొస్తే మా తెలుగే నాది. పెళ్ళైన కొత్తలో ఈయన మా మాటను సరదాగా ఎక్కిరించేవాడు. నేను "ఏంది" అంటే "ఏంటి అనాలి" అనేవాడు. మా అమ్మ మా బాపును నువ్వనే పిలిచేది, నేనూ ఈయనను నువ్వనే పిలుస్తాను. అది విని వాళ్ళ మేనత్త ఒకావిడ భోజనం దగ్గరినుంచి లేచినంత పని చేసింది. అవన్నీ ఎప్పుడో అయిపోయాయి. అలవాటుపడి ఆయన కూడా జర, పరేషాన్ అనడం మొదలుపెట్టాడు. అలాంటిది ఏడాదిగా మళ్ళీ మొదలైంది. నేను ఏ మాట అన్నా "ఏంటి?" అనడమే. "సల్ల పోసుకుంటవా?" అంటే "ఏంటి?" "చెప్పులు సర్దినవా?" అంటే "ఏంటి?" రెండోసారి చెబితే "సరిగ్గా చెప్పవేం?" అనేవాడు.

ఇన్నేళ్ళ కాపురం తర్వాత నా భాష మీద మళ్ళీ దండయాత్రకు వచ్చాడని నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు గట్టిగానే అన్నాను.

"నా మాట నీకు నచ్చకపోతే మీ మేనత్తతోని మాట్లాడుకో. ఎక్కిరించుడు బంజెయ్."

ఆయన వింతగా చూశాడు. "నిన్ను ఎవరు ఎక్కిరించారు?" అని తన మూలకు వెళ్ళి కూర్చున్నాడు. నేను కూడా ఆ తర్వాత అవసరానికి మించి మాట్లాడలేదు.

దసరాకు మా అమ్మ వచ్చింది. మా ఇంట్లో దసరా అంటే పనిముట్ల పండుగ. ఎవరి చేతిలో ఏది బువ్వ పెడుతుందో దాన్ని కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టుకోవాలి. మా బాపు ఉన్నప్పుడు నాగలి, కొడవళ్ళు. ఇప్పుడు మా తమ్ముడి ట్రాక్టరు. నావి ఎర్ర పెన్నులు, డస్టరు. మా అమ్మ ఈయన దగ్గరికి వెళ్ళి అడిగింది.

"అల్లుడా, నీ సామాన్లు గూడ పెట్టు. విమానం తేలేవు గదా ఇంటికి."

ఆయనకు సరదా పుట్టింది. యూనిఫాం జాకెట్టు, చేతిలో ఊపే కర్రలు పెట్టాడు. ఆపైన ఏమనుకున్నాడో ఏమో, ట్యూబుల డబ్బా కూడా తెచ్చి పీట పక్కన పెట్టి, డ్యూటీ ఉందని పొద్దున్నే వెళ్ళిపోయాడు. నేను వంటలో ఉన్నాను. మా అమ్మ డబ్బా తెరిచింది. దుమ్ము పట్టిన గాజు బుగ్గలు. చిన్నప్పటినుంచీ కందిలి దీపం గ్లాసు తోమి తోమి పెరిగిన చేతులవి. గాజు అంటే ఆవిడకు ఒకటే తెలుసు, బూడిద. తమ్ముడింట్లో నీళ్ళ పొయ్యి కింద బూడిద పొట్లం కట్టుకొచ్చింది, ఇత్తడి సామాను తోమడానికని. దానితోనే తోమింది. పాతవి, కొత్తవి, అన్నీ. పేరన్నది ఎక్కడా మిగల్లేదు. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఒక్కోదానికి పసుపు, కుంకుమ పెట్టి వరసగా నిలబెట్టింది. నేను చూసేసరికి అవి పేరంటానికి కూర్చున్న ముత్తయిదువుల్లా ఉన్నాయి.

"ఎట్ల మెరుస్తున్నయో చూడు. మీ ఆయనకు తుడుసుకునుడు గూడ రాదు," అంది మా అమ్మ.

నాకు నవ్వు, భయం రెండూ కలిసి వచ్చాయి. ఆయన సాయంత్రం వచ్చాడు. కాళ్ళు కడుక్కుని పూజ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒక ట్యూబు తీసి తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. అత్తగారు ఎదురుగా కూర్చుని మెచ్చుకోలు కోసం చూస్తోంది.

"చాలా శుభ్రం చేశారండీ అత్తయ్యగారూ," అన్నాడు.

ఆ మర్యాదకు మాత్రం నేను ఆయనను మెచ్చుకోవాలి. మా అమ్మ ఊరికి వెళ్ళేదాకా నోరెత్తలేదు. వెళ్ళాక కూడా నాతో గొడవ పెట్టుకోలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పోయినవి అక్షరాలే, ట్యూబులు బాగానే పనిచేస్తాయి. కానీ పేరు చదవకుండా వాటితో ఎలా మాట్లాడాలో ఆయనకు తెలియలేదు.

ఏది ఏదో అసలే తెలియదని కాదు. గాజు లోపల పైభాగంలో చిన్న తీగ చుట్టు ఒకటి ఉంటుంది. మా ఆయన దగ్గరున్న పాతవాటిలో అది ఒక పక్క తిన్నగా కోసినట్టుంటుంది, కొత్తవాటిలో పూర్తి సున్నా. ఈ సంగతి ఆయనే నాకు చాలాసార్లు చెప్పాడు. కళ్ళజోడు పెట్టుకుని దీపానికి అడ్డం పట్టి చూస్తే విడదీయొచ్చు. మర్నాడు ఆ పనికే కూర్చుని, సగంలో ఆపి, నన్ను పిలిచాడు. ముఖంలో కొత్త ఉత్సాహం ఉంది.

"టీచరుగారూ, మీ అమ్మగారు నాకు మేలే చేశారు. ఇప్పుడు అసలైన పరీక్ష పెట్టుకోవచ్చు. నేను చూడను. నువ్వు చూసి పెట్టు. నేను విని చెబుతాను."

కోపం సంగతి పక్కనపెట్టి ఒప్పుకున్నాను. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆంప్లిఫయరు ముందు నా పాత చీర ఒకటి తెరలా కట్టాం. ఆయన ఎదురుగా కుర్చీలో. నేను తెర వెనక, చేతికి గుడ్డ చుట్టుకుని. ప్రతిసారీ స్విచ్చి ఆపాలి, వేడి ట్యూబును అటూ ఇటూ మెల్లిగా కదిపి పైకి లాగాలి, ఇంకొకటి కాళ్ళు సరిచూసి దించాలి, మళ్ళీ వేడెక్కేదాకా ఆగాలి. పైన విమానం వెళ్తుంటే అది పోయేదాకా ఆగాలి. రికార్డు ఒక భజన. ఒకావిడ పాడుతుంటే పక్కన ఎవరో చిడతలు వాయిస్తుంటారు. ఆ చిడతల మోతే పరీక్షకు పనికొస్తుందని ఆయన ఎంచుకున్నాడు. సన్నటి మోత కాబట్టి తేడా అక్కడే పడుతుందన్నాడు.

మొదట పాతది పెట్టాను. చిడతలు ఆవిడ గొంతు వెనక ఒదిగి, మెత్తగా, గింజ గింజగా వినిపించాయి. ఆయన ఇన్నాళ్ళూ చెప్పిన మాట ఇదేనేమో అని నాకు మొదటిసారి అనిపించింది.

"ఇది కొత్తది," అన్నాడు ఆయన. "మీద దుప్పటి కప్పినట్టుంది. చిడతలు ఎక్కడున్నాయో తెలియడం లేదు."

కొత్తది పెట్టాను. చిడతలు ముందుకు దూకాయి. నా పళ్ళు జివ్వుమన్నాయి. తెర సందులోంచి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, తల కొద్దిగా వంచి, నవ్వుతున్నాడు.

"ఇదిగో. ఇది పాతది. ఎంత స్పష్టంగా ఉందో చూడు. ఈ మోత ఇంకెందులో వస్తుంది?"

మళ్ళీ మార్చాను. మళ్ళీ ఉల్టా చెప్పాడు. ఒకేది రెండుసార్లు పెట్టి చూశాను. అప్పుడూ తడబడలేదు, తికమక పడలేదు. పాతదాన్ని కొత్తదని, కొత్తదాన్ని పాతదని, ప్రతిసారీ అదే నమ్మకంతో చెప్పాడు. ఆయనకు వినపడటం లేదని అనడానికి లేదు. ఏదో వినపడుతోంది. కానీ నాకు వినపడేది కాదు. చెవులు బాగున్న రోజుల్లో పాత ట్యూబులో విన్న చిడతల మోత ఆయనకు గుర్తుంది. అంత మోత ఇప్పుడు ఆయన దాకా రావాలంటే పళ్ళు జివ్వుమనే ట్యూబే కావాలి.

తెర వెనక గుడ్డ చుట్టిన చేత్తో నిలబడి ఉండగా నాకు "ఏంటి?" గుర్తుకొచ్చింది. పోయినసారి డాక్టరు అన్నాడని ఆయనే చెప్పాడు, సన్నటి, కీచుమనే చప్పుళ్ళే ముందు పోతాయని. అప్పుడు నేను బుర్ర ఊపి వదిలేశాను. తెలుగు చెప్పేదాన్ని, ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, మాటలో సన్నటి చప్పుళ్ళు ఎక్కడుంటాయో. స, శ, ష, చ. సల్ల, చెప్పులు, సర్దుడు. నా మాటల్లో అవే పోయి, తక్కినది ఆయనకు అందుతోంది. ఆయన నా భాషను ఎక్కిరించలేదు. నేను సగం సగం మాట్లాడుతున్నానని అనుకున్నాడు. ఏడాదిగా దాచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నేను అక్కడే నిలబడ్డాను. జాలి వేసింది. భయం ఇంకా ఎక్కువ వేసింది.

"ఎన్ని సరిగ్గా చెప్పాను?" అని తెర అవతలనుంచి అడిగాడు.

అబద్ధం చెప్పాలని లేదు. "ఒక్కటి గూడ కాదు. అన్నీ ఉల్టా చెప్పినవ్," అన్నాను, గట్టిగా, ఆగి ఆగి.

ఆయన లేచి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. కోసిన సున్నా, పూర్తి సున్నా. నేను సరిగ్గానే పెట్టానని నమ్మకం కుదిరాక కుర్చీలో కూలబడ్డాడు. ఒక విమానం వెళ్ళింది. అది పూర్తిగా పోయాక ఆయన నవ్వాడు.

"అన్నీ తప్పా? ఒక్కటి కూడా తగల్లేదా? అయితే మంచిదేగా. చెవులు పోయినవాడు గుడ్డిగా చెప్పినా సగం తగులుతాయి. అన్నీ తప్పు చెప్పానంటే తేడా పక్కాగా పట్టుకున్నానన్న మాట. పేర్లే తారుమారయ్యాయి."

లెక్క ప్రకారం అది తప్పు కాదు.

"నాకు పాతదాంట్లనే మంచిగ ఇనిపిస్తున్నది," అన్నాను.

"ఏంటి?"

మళ్ళీ చెప్పాను.

"నీ చెవులు చూపించుకో ఒకసారి," అన్నాడు. ఆ మాట ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అన్నాడు.

ఆ రోజునుంచి మా ఇంట్లో మతం మారింది. ఇన్నాళ్ళూ అచ్చు చూసి మోసపోయానని, ఈమధ్య రష్యావాళ్ళు బాగా నేర్చుకున్నారని, పాతవాటి పేరు వింటే జనానికి భక్తే గానీ చెవి పనిచేయదని ఫోన్లో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆంప్లిఫయరులో కొత్తవి కూర్చున్నాయి. పాతవి పసుపు బొట్లతో డబ్బాలోకి వెళ్ళాయి. ఆదివారం స్నేహితుడు వచ్చాడు. ఇన్నాళ్ళూ కొత్తవి ఏం తక్కువని వాదించిన మనిషి, ఇప్పుడు మా ఆయన తనవైపుకు వచ్చేసరికి ఎటు పోవాలో తెలియక పాతవాటిని వెనకేసుకొచ్చాడు. మా ఆయన పట్టు వదల్లేదు. మంచినీళ్ళు తేవడానికి ఆయన లోపలికి వెళ్ళినప్పుడు స్నేహితుడు నావైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"వదినా, అన్న సౌండు శానా పెడుతుండు. నాకు చెవులు గుయ్యిమంటున్నయి. ఎప్పటిసంది గిట్ల?"

"నేనూ ఇప్పుడే చూస్తున్న," అన్నాను.

"డూటీల జర పైలం ఉండుమను," అన్నాడు.

పరీక్ష రోజున నేనూ వస్తానన్నాను. బడి లేదా అన్నాడు. సెలవు పెట్టానని చెప్పాను. రెండోసారి చెప్పాను. శంషాబాద్‌లో కంపెనీవాళ్ళు పంపే దవాఖాన మా ఇంటికి దగ్గరే. దారిపొడవునా ఆయన హుషారుగా ఉన్నాడు. ట్యూబుల పరీక్షలో అంత తేడా పట్టినవాడికి ఇదెంత అన్నాడు. వచ్చే నెల డ్యూటీలు ఎలా వేయించుకోవాలో చెబుతూ బండి నడిపాడు. వెనకనుంచి ఒక ఆటో చాలాసేపు హారన్ కొట్టి, చివరికి ఎడమపక్కనుంచి దూరి వెళ్ళింది.

వినికిడి పరీక్షకు గోడలకు మెత్తటి దిమ్మలు కొట్టిన చిన్న గది ఉంది. దానికి ఒక గాజు కిటికీ. పరీక్ష చేసే అమ్మాయి ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఎంత చిన్న చప్పుడు వినిపించినా వేలు పైకెత్తమని చెప్పి తలుపు మూసింది. బయట మిషను ముందు కూర్చుంది. నన్ను పక్క కుర్చీలో కూర్చోమంది. మిషను మీద చిన్న లైటు ఉంది. చప్పుడు పంపినప్పుడల్లా అది వెలుగుతుంది.

మొదట లావు చప్పుళ్ళు. లైటు వెలగడం, లోపల ఆయన వేలు లేవడం. మా బడిలో జవాబు తెలిసిన పిల్లల్లా టకటకా ఎత్తాడు. నాకు ప్రాణం కుదుటపడింది. అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నాను. ఆ అమ్మాయి ఒక మీట తిప్పింది, చప్పుళ్ళు సన్నబడుతున్నాయని నాకర్థమైంది. వేలు లేవడం కొంచెం ఆలస్యమైంది. తర్వాత ఇంకొంచెం. ఇంకో మీట తిప్పింది.

లైటు వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆరింది. ఆ అమ్మాయి చప్పుడు పెంచుతోంది. ఆయన చెయ్యి తొడ మీద అలాగే ఉంది. నిటారుగా కూర్చున్నాడు, ముఖంలో ఆందోళన ఏమీ లేదు. దిగబోయే విమానం కోసం ఎదురుచూసే మనిషిలా శ్రద్ధగా, ఓపిగ్గా కూర్చున్నాడు. లోపలికి వెళ్ళి ఆ వేలు నేనే పైకెత్తాలనిపించింది. లైటు మళ్ళీ వెలిగింది. ఆయన కిటికీలోంచి నావైపు చూసి, ఇంకా మొదలుపెట్టరేం అన్నట్టు కనుబొమలు ఎగరేసి నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది. అయినా నవ్వాను.

ఆ అమ్మాయి మిషను కట్టేసి తలుపు తీసింది. ఆయన హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా ఆమె చేతికిచ్చి, చొక్కా సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

"ఈసారి చాలా తేలిగ్గా అయిపోయింది," అన్నాడు నాతో. "మధ్యలో మిషను కాసేపు ఆగిపోయినట్టుంది, పాపం. కానీ పెట్టినవన్నీ విన్నాను."